ఒక్క రాత్రి అతిథి

నిరుడు ఊడుపుల రోజుల్లో మా అక్క కొడుకు బడి నుంచి వస్తూ టిఫిన్ బాక్సులో బురద ముద్దొకటి తెచ్చాడు. నెల్లిమర్ల అవతల, చంపావతి నదికి దగ్గర్లో ఉంటుంది మా పల్లె. బాక్సు మూత తీస్తే పొద్దుటి పులిహోర వాసన, దాంతో కలిసి మడి వాసన. చూస్తుండగానే ఆ ముద్దకి ముక్కు మొలిచింది. సన్నటి గొట్టం లాంటి ముక్కు, చివర రెండు చిల్లులు. అటూ ఇటూ గాలి పీల్చి మళ్లీ లోపలికి పోయింది.

"నాను పెంచుకుంతాను మావయ్యా" అన్నాడు వాడు. అప్పటికే పేరు కూడా పెట్టేశాడు.

మా అమ్మ చూసి దండం పెట్టింది. "ఓలమ్మో, కూర్మనాథుడే ఇంటికొచ్చినాడు. ఆదివారం శ్రీకూర్మం తీసుకెళ్లి గుళ్లో ఒగ్గేద్దాం" అంది. గోడ మీంచి తొంగిచూసిన పక్కింటి పెద్దాయన మాత్రం మొహం చిట్లించాడు. "తాబేలు సొచ్చిన ఇల్లూ అమీనా సొచ్చిన ఇల్లూ బాగుపడవు బావూ. ముందు దాన్ని బయట పారేయండి" అన్నాడు. అమీనా అంటే ఒకప్పుడు కోర్టు జప్తు ఉత్తర్వు పట్టుకుని గడప తొక్కే ఉద్యోగి. ఒకే జీవి మా గడపలో దేవుడు, పక్క గడపలో జప్తు.

పెంచుకోవడం, గుళ్లో వదలడం, బయట పారేయడం. ఆ సాయంత్రం మా వాకిట్లో వినపడిన సలహాలు ఈ మూడే. మూడూ తప్పే. అన్నిటికన్నా భక్తితో ఇచ్చిన సలహా ఎందుకు తప్పో మా అమ్మకి చెప్పడానికే నాకు ఎక్కువసేపు పట్టింది.

ఒకే పేరు, మూడు బతుకులు

చిక్కంతా మన మాటలోనే ఉంది. మెట్టన తిరిగేదీ, చెరువులో ఉండేదీ, సముద్రంలో ఈదేదీ మనకి తాబేలే. పేరు ఒకటే కాబట్టి బతుకూ ఒకటే అనుకుంటాం. మెట్ట తాబేలుని బకెట్టు నీళ్లలో వేస్తాం, నీటి తాబేలుని పొడి అట్టపెట్టెలో పెడతాం.

మా వాడు తెచ్చింది చెరువు తాబేలు. ఉత్తరాంధ్రలో మళ్లలో, కాలవల్లో, ఊరచెరువుల్లో పిల్లల చేతికి దొరికేది ఎక్కువగా ఇదే. దీని వీపు కొబ్బరి చిప్పలా గట్టిగా ఉండదు. తోలు కప్పిన మెత్తటి వీపు, అంచులు వేలితో నొక్కితే వంగుతాయి. వెల్లకిలా తిప్పడం మంచిది కాదని తెలిసీ ఒక్క క్షణం తిప్పి చూశాను. వెనక కాళ్లు లోపలికి లాక్కోగానే పొట్ట వైపు నుంచి రెండు చిన్న రెక్కలు వచ్చి తలుపుల్లా మూసుకున్నాయి. దీన్ని గుర్తుపట్టడానికి ఇంతకన్నా మంచి ఆనవాలు లేదు. నత్తలు, పురుగులు, చిన్న చేపలు, కప్పపిల్లలు, నీటి మొక్కలు, చచ్చిన జీవాలు, ఏది దొరికితే అది తింటుంది. చెరువుని శుభ్రం చేసే జీవుల్లో ఇదొకటి. ఎండాకాలం చెరువు ఎండితే బురదలోకి దిగి, వాన పడేదాకా అక్కడే పడుకుంటుంది. మా అక్క ముద్దుగా పెరుగన్నం పెట్టింది. అది ముట్టలేదు. బాగానే చేసింది.

రెండోది నక్షత్ర తాబేలు. గట్టి డిప్ప, గుమ్మటంలా లేచిన వీపు, ఒక్కో నల్ల పలక నడుమ నుంచి నలుదిక్కులకీ పసుపు గీతలు. ఇది మెట్టభూముల జీవి. ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక, గుజరాత్, రాజస్థాన్, అవతల శ్రీలంక దీని ఇల్లు. గడ్డి, ఆకులు, రాలిన పూలు, పండ్లు తిని బతుకుతుంది. ఈత రాదు. లోతు నీళ్లలో వేస్తే మునిగి చచ్చిపోతుంది.

మూడోది సముద్రపు తాబేలు పిల్ల, ఆలివ్ రిడ్లే. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్లు, విజయనగరానికి 28 కిలోమీటర్లు తీరం ఉంది. చలికాలం నుంచి వేసవి దాకా తల్లులు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుక తవ్వి నూరు దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. సుమారు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటపడతాయి. ఇసుక వేడిని బట్టి అవి ఆడవో మగవో తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడపిల్లలే. రాత్రి ఇసుకలోంచి బయటికొచ్చిన పిల్ల వెలుగున్న వైపు పాకుతుంది. ఆ వెలుగు సముద్రం మీద ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. ఒడ్డున రోడ్డు లైట్లు వచ్చాక దారి తప్పుతున్నాయి. బారువ దగ్గరో కళింగపట్నం దగ్గరో తెల్లారి నడకకి వెళ్లినవాళ్లకి తప్పిపోయిన పిల్ల దొరికిందీ అంటే కారణం చాలాసార్లు ఇదే. దాన్ని ఇంటికి తేవడం, కుళాయి నీళ్ల బకెట్టులో వేయడం ఘోరం. పుట్టిన కొన్ని రోజులకి సరిపడా సత్తువ గుడ్డు సొనలోంచి దానితోనే వస్తుంది. ఆ సత్తువ ఒడ్డు దాటి లోతు సముద్రం చేరడానికి కావాలి, మన బకెట్టులో గోడలు గీరడానికి కాదు. తడి ఇసుక మీద పెట్టి కాకుల్నీ కుక్కల్నీ అదిలిస్తూ నిలబడితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. మన తీరంలో అటవీ శాఖతో, జాలర్లతో కలిసి ట్రీ ఫౌండేషన్ లాంటి సంస్థలు ఈ గుడ్లను కాస్తున్నాయి. పిల్ల కనపడితే వాళ్లకి కూడా కబురు చేయాలి.

కూర్మనాథుడి ముంగిట

మళ్లీ మా అమ్మ మాటకి వస్తాను.

శ్రీకాకుళం పట్టణానికి 15 కిలోమీటర్ల లోపే, గార మండలంలో ఉంది శ్రీకూర్మం. విష్ణువు కూర్మావతారాన్ని మూలవిరాట్టుగా కొలిచే గుడి ఇంత ప్రసిద్ధిగా ఇంకెక్కడా లేదు. స్వామి పడమటికి చూస్తాడు, అందుకే ముందూ వెనకా రెండు ధ్వజస్తంభాలు. స్తంభాల మీద శతాబ్దాల శాసనాలు. ఈ గుడి ఆవరణలోనే నక్షత్ర తాబేళ్లు ఉంటాయి. వాటిని భక్తులే తెచ్చి వదులుతారు. పొలంలో దొరికినవి, ఎక్కడో కొన్నవి, పెంచలేక చేతులెత్తేసినవి, అన్నీ మొక్కు పేరుతో అక్కడికే చేరతాయి. తోటకూర కట్టలు తెచ్చి కళ్లకద్దుకుని వాటి ముందు పెడతారు. చిన్నప్పుడు నేనూ పెట్టాను. ఆకుని ముందుకాలితో తొక్కిపట్టి, మెడ చాచి, పళ్లు లేని నోటితో అది చింపుకు తింటుంటే ఎంతసేపైనా చూడాలనిపించేది.

పెద్దయ్యాక తెలిసింది, ఆ తోటకూర ప్రేమలోనూ ఒక లెక్క ఉందని. తోటకూరలో, పాలకూరలో ఉండే ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. అప్పుడప్పుడు పెడితే ఏమీ కాదు, రోజూ అదే పెడితే డిప్పకి చేరాల్సిన సున్నం చేరదు. దానికి కావలసింది గడ్డి, గరిక, నాగజెముడు, మందార పువ్వు. చిన్న పిల్ల అయితే ఇంకా జాగ్రత్త. సున్నం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి, అది తయారవాలంటే నేరుగా ఎండ తగలాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో ఆ కిరణాలు రావు. పప్పులు, మాంసకృత్తులు ఎక్కువ పెట్టి, పొడి గదిలో ఉంచితే గుండ్రంగా ఎదగాల్సిన డిప్ప మీద ఒక్కో పలకా గోపురంలా లేచి వికారమైపోతుంది. నక్షత్ర తాబేలుకి సహజంగానే కొన్ని బొడిపెలుంటాయి కాబట్టి, కొత్తగా పెంచేవాడికి తేడా తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఆ డిప్పలో వెన్నెముక ఉంది, పక్కటెముకలున్నాయి, నరాలున్నాయి, నెత్తురుంది. గుర్తు కోసం రంగు పూసేవాళ్లని, తాడు కట్టడానికి చిల్లు పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

2025 ఏప్రిల్‌లో శ్రీకూర్మం తాబేళ్లు చనిపోవడం పత్రికలకెక్కింది. జిల్లా అంతా బాధపడింది. ఎవరి తప్పని వాదించుకున్నాం. వాటిని అక్కడికి తెచ్చి పెడుతున్నది మనమే కదా అన్నవాళ్లు తక్కువ. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ప్రాణులు ఒకచోట కిక్కిరిస్తే ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుతుంది. దేవుడి పేరు చెప్పినంత మాత్రాన అంటుకోకుండా పోదు. ఇక మా వాడు తెచ్చిన నీటి తాబేలుని తీసుకెళ్లి ఆ పొడినేల మీద వదిలితే? చేపని ఎండు గడ్డివాము మీద పెట్టినట్టే.

పెద్దాయన మాటే నిజమైంది

పక్కింటాయన సామెత చట్టం దగ్గర అక్షరాలా ఫలిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ జరిగింది. అంతకుముందు నాలుగో షెడ్యూలులో ఉన్న నక్షత్ర తాబేలు ఆ సవరణతో మొదటి షెడ్యూలుకి ఎక్కింది. చెరువు తాబేలు, ఆలివ్ రిడ్లే ముందు నుంచీ అందులోనే ఉన్నాయి. మొదటి షెడ్యూలు జంతువుని పట్టి ఉంచుకుంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయలకి తగ్గని జరిమానా. తాబేలు చొచ్చిన ఇంటికి అమీనా రావడం అంటే ఇదే.

ఇంత కఠినం ఎందుకంటే అవతల వ్యాపారం అంత పెద్దది. మన దేశంలో ఒక్క అక్రమ వ్యాపార కేంద్రం నుంచే ఏడాదిలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లు పోతున్నాయని 2015లో అచ్చయిన ఒక పరిశోధన లెక్కగట్టింది. అవి ఆసియా దేశాల్లో ఇళ్లలో ముచ్చట జంతువులవుతున్నాయి. 2019లో అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ దీన్ని మొదటి అనుబంధంలో చేర్చి వ్యాపారాన్ని మూసేసింది. ముచ్చటకే పెంచుకుంటున్నాం, అమ్మట్లేదు కదా అంటారు చాలామంది. దొంగ వ్యాపారానికి గిరాకీ ఆ ముచ్చటే.

అక్వేరియం షాపుల్లో అమ్మే బుల్లి ఎర్రచెవుల తాబేలు సంగతి వేరు, అది అమెరికా నుంచి వచ్చింది. పెద్దదయ్యాక చెరువులో వదిలేస్తారు, అది మన తాబేళ్ల తిండి లాక్కుంటుంది. అమెరికాలోనే 1975 నుంచి నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకం నిషేధం. పిల్లలు వాటిని ముద్దుపెట్టుకుని సాల్మొనెల్లా జ్వరాలు తెచ్చుకోవడమే కారణం. కాబట్టి ఏ తాబేలుని ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడగాలి.

ఆ రాత్రి

చీకటి పడిపోయింది, వాన. వెంటనే వదలడానికి వీల్లేదు. అందుకని వాడితో ఒప్పందం: ఒక్క రాత్రి. పేరు ఉండొచ్చు, తాబేలు ఉండదు.

వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు ఒక పక్క ఇటుక మీద ఎత్తి పెట్టాం. పల్లపు వైపు దాని వీపు తడిసేంత మడి నీళ్లు, ముక్కెత్తితే గాలి అందాలి. మిట్ట వైపు తడి మట్టి, నాలుగు తుంగ పోచలు. పైన బియ్యం జల్లెడ బోర్లించి, పిల్లి తోసేయకుండా రాయి పెట్టాం. తిండి పెట్టలేదు, ఒక్క రాత్రికి అవసరం లేదు. ఫోటోలు వద్దన్నాను. ఫ్లాష్ వెలుగు దానికి వేధింపే. నక్షత్ర తాబేలు అయితే పొడి అట్టపెట్టె, గాలికి చిల్లులు, పలచటి మూకుడులో కాసిన్ని నీళ్లు చాలు. దెబ్బ తగిలిన పిల్ల అయితే ఈ ఏర్పాట్లేవీ చాలవు. దమ్ము ట్రాక్టరు ఇనప చక్రాల కింద పడి వీపు చీలినవి మా వైపు కనిపిస్తూనే ఉంటాయి. పసుపు, ఫెవికాల్ పుయ్యకుండా, శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి, అటవీ శాఖకి చెప్పాలి.

వాడు రాత్రి రెండుసార్లు లేచి టార్చి వేశాడు. నేను చూడనట్టు నటించాను.

తెల్లారగానే ఎక్కడ దొరికిందో చూపించమన్నాను. బడి దారిలో రెండో మడి గట్టు, కాలవ తూము పక్కన. ఆ మళ్లో ముందురోజే మందు కొట్టినట్టు వాసన. అందుకని తూముకి పైనున్న చెరువు అంచుకి నడిచాం. కొంగలు లేని చోటు చూసి, నేలకి జానెడు ఎత్తులో టబ్బు వంచాడు. పిల్ల కాసేపు కదల్లేదు. తర్వాత ముక్కు బయటపెట్టింది, మెడ చాచింది, ముందుకాళ్లతో బురద తోసుకుంటూ దిగింది. కొద్దిసేపటికి అక్కడ బురద తప్ప ఏమీ లేదు.

"పేరు దానికి తెలుస్తాదా మావయ్యా?" అని అడిగాడు. తెలీదన్నాను.

మా అమ్మ ఆ ఆదివారం శ్రీకూర్మం వెళ్లింది, కొబ్బరికాయతో. మీరు వెళ్లినా అదే పట్టుకెళ్లండి. తాబేలుని మాత్రం తీసుకెళ్లకండి.