సౌరఘటం మీద సన్నని గీతలు

సౌరఘటం ముఖాన సన్నని లోహపు గీతలుంటాయి, గమనించారా? ఎండకు పుట్టిన విద్యుత్తును పోగుచేసి తెచ్చేవి అవే. కాని ఒక చిక్కుంది. గీత కింద పడేది నీడ. నీడలో విద్యుత్తు పుట్టదు. గీతను బాగా సన్నం చేద్దామంటే, అంత సన్నని ఉలి ఏది?

కాంతే ఉంది! ముందుగా సిలికాన్ బిళ్ల అంతటా పలుచని లోహపు పొర వేస్తారు. దానిపై 'ఫోటోరెసిస్ట్' అనే ద్రవం పూసి ఆరబెడతారు. కాంతిని ఆపే గీతలున్న గాజుపలకను పైన ఉంచి, అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తారు. కాంతి తగిలినచోట పూత మార్పుచెంది క్షారద్రావణంలో కరిగిపోతుంది; గీతల నీడన ఉన్నది నిలుస్తుంది. ఇక ఆమ్లంలో ముంచితే పూత లేనిచోట లోహం పోతుంది. నిజానికి చెక్కేది ఆమ్లమే. ఎక్కడ చెక్కాలో చెప్పేది కాంతి! మిగిలిన పూతను ఎసిటోన్‌తో కడిగేస్తే గీతలు బయటపడతాయి.

ఇలా తలవెంట్రుకలో పదోవంతు వెడల్పు గీతలు కూడా గీయవచ్చు. అయితే ఒక్క దుమ్మురేణువు పడినా గీత చెడుతుంది. అందుకని గదిలోకి వచ్చే గాలిని వడకడతారు. దీపాలు కూడా పసుపువే. ఆ కాంతికి పూత మారదు. ఇంత ఖర్చు ఇంటికప్పు మీది పలకలకు గిట్టదు. వాటికి వెండి ముద్దను సన్నని జాలీ గుండా అద్దుతారు, స్క్రీన్ ప్రింటింగ్‌లో శుభలేఖలు అచ్చువేసినట్టే.