పలుకుబడి పుట్టే హాస్టల్

‘తెలిసినోళ్లు’ ఎవరూ లేని ఇళ్ల పిల్లలకు కడప జిల్లా ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఇచ్చింది ఇంజినీరింగ్ పట్టా ఒక్కటేనా?

పులివెందులైనా, జమ్మలమడుగైనా, ప్రొద్దుటూరైనా పని పడితే ఇంట్లో ముందు లేచే ప్రశ్న ఒకటే: ‘‘మనకు తెలిసినోళ్లు ఎవరన్నా ఉండారా?’’ ఆసుపత్రిలో బెడ్డు కావాలన్నా, తిరుమలలో బ్రేక్ దర్శనం కావాలన్నా అదే మాట. వెంటనే ఫోన్లు మొదలవుతాయి. సర్పంచి నుంచి మండల నాయకుడికి, ఆయన నుంచి ఎమ్మెల్యే పీఏకి. ‘‘అన్నా, మనోడేన్నా, రోంత చూడన్నా.’’ లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలు పడితే పనైపోతుంది. దానికి రూపాయి ఖర్చుండదు గానీ, ఎన్నికలొచ్చినప్పుడు ఎవరి వెంట తిరగాలో ఆ రోజే తేలిపోతుంది.

ఇలాంటి దారి కూడా లేని ఇళ్లు ఊరికి పదులుంటాయి. వాళ్ల పిల్లల సంగతేంటి?

గుల్బర్గా స్నేహం

ఈ ప్రాంతంలో పలుకుబడి అనగానే గుర్తొచ్చే పేరు వైఎస్ రాజశేఖరరెడ్డి. ఆయన సమాధి ఇడుపులపాయలోనే ఉంది. ముఖ్యమంత్రిగా ఆయన చుట్టూ చేరినవాళ్లకు లెక్కలేదు. కానీ 2009లో చనిపోయేదాకా ఆయన వెన్నంటి ఉన్న కేవీపీ రామచంద్రరావుతో పరిచయం గుల్బర్గా మెడికల్ కాలేజీ నాటిది. ఒకరిది కడప జిల్లా, ఇంకొకరిది కృష్ణా జిల్లా. 1978లో వైఎస్ మొదటిసారి ఎమ్మెల్యే అయ్యేనాటికే వాళ్లు పాత స్నేహితులు. ఇద్దరికీ ఏ పదవీ లేని వయసులో కుదిరిన సావాసం అది. పెద్దవాడయ్యాక పట్టుకునే కాళ్లకూ, కాకముందు పట్టుకున్న చేతికీ తేడా అక్కడే ఉంది.

ఆరేళ్ల సావాసం

కలిసి చదివితే కుదిరే ఈ సావాసం డబ్బున్న ఇళ్ల పిల్లలకే పరిమితం కాకూడదంటే ఏం చేయాలి? 2008లో నూజివీడు, బాసర, ఇడుపులపాయల్లో మొదలైన ట్రిపుల్ ఐటీలు దీనికీ ఒక జవాబే. పదో తరగతి మార్కులే అర్హత. పల్లెటూళ్ల సర్కారు బడుల పిల్లలకు అవకాశం ఇవ్వడమే ఉద్దేశం. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, అన్నాళ్లూ హాస్టలే.

ఈ ట్రిపుల్ ఐటీల కోసం పెట్టిన విశ్వవిద్యాలయానికి తొలి చాన్సలర్ రాజ్ రెడ్డి. పాత చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన ఆయన స్టాన్‌ఫర్డ్‌లో కృత్రిమ మేధకు ఆద్యుల్లో ఒకరైన జాన్ మెకార్థీ శిష్యుడయ్యారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఎవరి పక్కన కూర్చుని చదివామన్నది జీవితాన్ని ఎంత దూరం తీసుకెళ్తుందో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు.

దూరపు చుట్టరికం

మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగాలు దొరికినవారిని ఆరా తీసి, 1973లో ఆ సంగతులు ప్రచురించాడు. తరచూ కలిసేవాళ్ల వల్ల దొరికింది నూటికి 17 మందికే. మిగతావాళ్లకు దారి చూపింది అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవాళ్లు. కారణం తేలికే: మన పక్కింటివాడికి తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. 2022లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం అమెరికా ఫేస్‌బుక్ స్నేహాలను పరిశీలించి, కలిగినవాళ్లతో స్నేహాలు ఎక్కువుండే చోట పెరిగిన పేదపిల్లలు పెద్దయ్యాక ఎక్కువ సంపాదిస్తున్నారని చెప్పింది.

ఇడుపులపాయ హాస్టల్లో వేంపల్లె కుర్రాడి పక్క మంచం ఇంకో జిల్లా కుర్రాడిది. చదువైపోయాక ఒకరు బెంగళూరు, ఒకరు హైదరాబాదు చేరతారు. కంపెనీలో ఖాళీ ఉందని తెలిస్తే సీనియర్ జూనియర్‌కు రెఫరల్ పెడతాడు. సిఫార్సు లేఖ బాకీ రాసిచ్చినవాడికే తీర్చాలి. ఈ బాకీ మాత్రం తర్వాతి బ్యాచ్‌కు తీర్చాలి.

అయితే రెఫరల్ గేటు వరకే తీసుకెళ్తుంది, ఇంటర్వ్యూ గట్టెక్కించాల్సింది చదువే. స్నేహం సొంత ఊరివాళ్లు, సొంత కులంవాళ్ల దగ్గరే ఆగిపోతే అదీ పాత పలుకుబడి కిందే లెక్క. అందుకే హాస్టల్లో చేరిన మొదటి నెలలోనే మరో జిల్లావాళ్లతో, పై తరగతివాళ్లతో మాట కలపడం ఈ పిల్లలు నేర్చుకోవాల్సిన సబ్జెక్టే.