షోలాపుర నేతపేటలలో స్థలము కొనుట: క్రొత్తవారు తెలియవలసిన విషయములు

కొంతం చౌక్ పరిసరములందలి మన కుటుంబములకు ఇల్లనగా నివాసము మాత్రమే కాదు. ఒక గదిలో మగ్గమో టవళ్ళ కుట్టుపనియో, వసారాలో బీడీల చేటయో ఉండును. కావున నాలుగు రూకలు చేరగానే దృష్టి భూమిమీదికి పోవుట సహజము. ఊరి వెలుపల "గుంఠా ఇంత" అని స్థలము లమ్ముచున్నారన్న మాట వినగానే ఆడవారి బంగారము కుదువకు పోవును. కొనువారు ధర నడుగుదురే కాని కాగితము నడుగుట అరుదు. ఈ వ్యాసము ఆ కాగితమును గూర్చినది.

గుంఠా అనగా 1,089 చదరపు టడుగులు. 40 గుంఠాలు ఒక ఎకరము. ఊరి వెలుపలి భూమికి మూలపత్రము "సాత్ బారా ఉతారా". ఇందు 7వ నమూనా యజమాని పేరును, విస్తీర్ణమును, అప్పులను, ఇతరుల హక్కులను తెలుపును. 12వ నమూనా పైరును తెలుపును. నగర సర్వేలో చేరిన స్థలమునకు ప్రాపర్టీ కార్డు ఉండును. ఇవన్నియు మరాఠీలోనే యుండును. పెద్దలకు ఆ లిపి కష్టమైనచో బడిలో మరాఠీ చదువుచున్న పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనవచ్చును. దళారి చదివి వినిపించుటకన్న అది మేలు.

భూమి "బిగర్‌శేతీ", అనగా వ్యవసాయేతరము, అయినదా కాదా అన్నది తొలి ప్రశ్న. 1948 నాటి కౌలు, వ్యవసాయ భూముల చట్టము ప్రకారము రైతు కానివాడు అనుమతి లేక సాగుభూమిని కొనరాదు. ఈ చిక్కును దాటుటకు కొందరు స్టాంపు కాగితముపై నోటరీ ముద్ర వేయించి సొమ్ము పుచ్చుకొందురు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము 100 రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయమునకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. "సాఠేఖత్" అమ్మెదనన్న ఒప్పందము మాత్రమే. హక్కును మార్చునది "ఖరేదీఖత్". ఒప్పందముతోను, ముక్త్యారునామాతోను యాజమాన్యము రాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టముగా చెప్పినది. రిజిస్టరైన పత్రము సైతము అమ్మినవానికి హక్కున్నదనుటకు రుజువు కాదు. అందుకే వకీలుచేత ముప్పదియేండ్ల పూర్వపత్రములు వెదకించుట ఆచారము. ఆ రుసుము దండుగ యనుకొనువారిని చూచిన నాకు ఆశ్చర్యము కలుగును.

"తరువాత సర్కారు క్రమబద్ధము చేయును లెండి" అనుట అమ్మువారి మాట. 2001 నాటి గుంఠేవారీ చట్టము, 2021 సవరణము పిమ్మట, 2020 డిసెంబరు 31 వరకు ఏర్పడినవాటికే వర్తించును. అదియు దరఖాస్తు పెట్టి, రుసుము చెల్లించి, అర్హత తేలిన మీదటనే.

500 చదరపు మీటర్లకు మించిన క్రొత్త లేఅవుటునకు మహారెరా నమోదు ఉండవలెను. రిజిస్టరైన ఒప్పందము లేక నూటికి పదికి మించి బయానా తీసికొనరాదు.

ఒంటరిగా కొనుటయే మార్గము కాదు. కుంభారీలో బీడీ కార్మిక స్త్రీలు సహకార సంఘముగా ఏర్పడి, గోదూతాయి పరుళేకర్ పేరిట పదివేల యిండ్లు కట్టించుకొనిరి. నరసయ్య ఆడం నాయకత్వమున సాగిన ఆ పని ఫలితముగా 2006 సెప్టెంబరులో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ తాళములు అందజేసిరి. అక్కడనే రేనగర్‌లో 2024 జనవరి 19న మరి 15,000 ఇండ్లు లబ్ధిదారులకు అందినవి.

ఇక అద్దె ఆశతో అప్పుచేసి కొనువారు ఈ లెక్క వేసికొనవలెను. పదునైదు లక్షల యింటికి నెలకు ఐదువేలు వచ్చునను కొందము. ఏడాదికి అరువదివేలు, అనగా నూటికి నాలుగు. ఆ సొమ్మంతయు నూటికి తొమ్మిది వడ్డీకి తెచ్చినదైనచో తొలియేట వడ్డీయే రమారమి లక్షా ముప్పదియైదు వేలు. ఉన్న యింటిపై అనుమతితో ఒక గది వేసి అద్దె కిచ్చుకొనువానికి స్థలము కొను ఖర్చుండదు. అద్దెకుండువాడు చుట్టమైనను ఒప్పందము వ్రాసి రిజిస్టరు చేయింపవలెను. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము ఆ బాధ్యతను ఇంటి యజమానిపైనే ఉంచినది. అట్లు చేయనిచో, వేరుగా రుజువగు వరకు, షరతులను గూర్చి అద్దెదారు చెప్పిన మాటయే చెల్లును.