కంటి క్యాన్సర్‌కి కళ్లెం!

కంట్లో చిన్న మచ్చలా మొదలవుతుంది... కన్ను తీసేసినా, దాదాపు సగం మందిలో కాలేయానికి పాకుతుంది. అదే యూవియల్ మెలనోమా. ఈ అరుదైన క్యాన్సర్ అంతవరకూ ముదిరితే ఆయుష్షు పెంచే మందు చాలాకాలం లేనేలేదు. ఆ లోటు తీర్చింది టెబెంటాఫస్ప్. వారానికోసారి సెలైన్‌లా ఎక్కించే ఈ మందు ఒక కొసతో క్యాన్సర్ కణాన్నీ, రెండో కొసతో రోగనిరోధక టి-కణాన్నీ పట్టుకుని ఒకచోటికి చేరుస్తుంది. ఇక దాడి పని టి-కణానిదే. 378 మందిపై పరీక్షించారు. ఏడాది తర్వాత చూస్తే ఇది తీసుకున్నవారిలో 73 శాతం, వేరే మందులు వాడినవారిలో 59 శాతం బతికున్నారు. విచిత్రమేంటంటే కణితి బాగా తగ్గింది 9 శాతం మందిలోనే! 2022 జనవరిలో అమెరికా దీన్ని అనుమతించింది. అయితే ఓ మెలిక... హెచ్‌ఎల్‌ఏ-ఎ*02:01 అనే జన్యురకం ఉన్నవారికే ఇది పనిచేస్తుంది. మిగతావారు వేరే దారి వెతుక్కోవాల్సిందే.