కాస్త ఆగి చూస్తే కొల్లేరు

ఏలూరులో రైలెక్కితే దెందులూరు, భీమడోలు, పూళ్ల, బాదంపూడి దాటుకుంటూ తాడేపల్లిగూడెం చేరడానికి ముప్పావు గంట చాలు. ఆ కాసేపూ పెట్టెలో ఎవరి ఫోను వాళ్లదే. కిటికీ పక్కన చేపల చెరువు గట్టు మీద కొంగలు బారులు తీరినా, చేలో ఊడ్పులు జోరుగా సాగుతున్నా తలెత్తేవాళ్లు తక్కువ. రోజూ ఉండేవేగా అన్న ధీమా!

హార్వర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2,250 మందిని రోజులో ఏదో ఒక వేళ ఫోన్లోనే పలకరించి, ఇప్పుడేం చేస్తున్నారు, మనసెక్కడుంది అని అడిగారు. 2010లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు వచ్చాయి. మెలకువగా ఉన్న సమయంలో దాదాపు 47 శాతం మనసు చేస్తున్న పని మీద లేనే లేదు. చేసేది ఇష్టమైన పనైనా కాకపోయినా, ధ్యాస అక్కడే ఉన్నప్పుడు జనం ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు తేలింది.

'తీరిక ఉన్నవాళ్లకి చెల్లుతాయండీ ఇవన్నీ' అనేవాళ్లు చాలామందే ఉంటారు. కొల్లేరు సరస్సు చుట్టూ ఉన్న సీమను చూస్తే ఆ మాట నిలవదు. ఇక్కడ నిదానంగా చూడటం కూడు పెట్టే విద్య.

లంక గ్రామాల్లో చేపలు పట్టే వడ్డీలు వెదురుతో అల్లిన మావుల్ని నీటి వాలు చూసి పెడతారు. లోపలికి దూరిన చేప మళ్లీ బయటపడలేదు. ఎక్కడ పెట్టాలో తెలియడమే అసలు పనితనం. కొర్రమీను సంగతే తీసుకోండి. అది నీళ్లలో ఉన్నా గాలి పీల్చుకోవడానికి మధ్యమధ్య పైకి రావాల్సిందే. కిక్కిస దుబ్బు పక్కన నీళ్లు ఒక్కసారి అలా కదిలి మళ్లీ సర్దుకుంటాయి. కొత్తవాళ్లకు అక్కడేమీ కనపడదు. అలవాటైన కంటికి చేప ఉన్న చోటు తెలిసిపోతుంది. ఎర్రెర్రటి పిల్లల గుంపు ఒకటి నీటిపైన తేలుతుంటే, దాన్ని కాచుకుంటూ పెద్ద చేప దగ్గర్లోనే ఉందని అర్థం.

ఏలూరు తంగెళ్లమూడిలో తివాచీ మగ్గాలది మరో లెక్క. పర్షియా నుంచి వలస వచ్చిన నేతగాళ్లు తెచ్చిన విద్య అంటారు. పడుగు దారాలకు ఉన్ని ముడి వేయడం, కత్తితో తెంచడం, పక్క ముడికి వెళ్లడం, వరస పూర్తయ్యాక దువ్వెనతో దిగ్గొట్టడం. రంగు ఒక్క ముడిలో తప్పినా పువ్వు రేక వంకర పోతుంది. అందుకే కన్ను నమూనా కాగితం మీద, వేళ్లు దారం మీద. పరుగెత్తి చేసే పని కాదిది. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో మాత్రం అంతా హడావుడే. అయినా కర్నూలు సరుకో, మహారాష్ట్ర సరుకో బస్తా విప్పాక, అనుభవమున్న వ్యాపారి ఒక పాయ చేతిలోకి తీసుకుని మెడ దగ్గర నొక్కి చూస్తాడు. మెత్తగా తగిలితే ఆ సరుకు నిలవకు ఆగదు.

అందరికీ కనిపించేదాన్ని ఆగి చూసినందువల్ల ఏం దొరుకుతుందో చెప్పడానికి ఆరేడు అనే ఊరిని మించిన ఉదాహరణ లేదు. పశ్చిమ గోదావరిలోని ఆ ఊళ్లో గూడబాతులు, అదే పెలికాన్లు, చెట్ల మీద కాపురాలు పెట్టేవి. ఊరివాళ్లకు అది మామూలు విషయం. 1946లో కేరళ పక్షి శాస్త్రవేత్త కె.కె.నీలకంఠన్ అక్కడికి వెళ్లారు. ఆయన చూసింది దాదాపు 3,000 గూడబాతులు గూళ్లు కట్టుకున్న కాలనీ! పక్షి శాస్త్రానికి అదొక గొప్ప కబురు. ఆయన రాసి పెట్టకపోతే ఇంత పెద్ద కాలనీ ఉండేదని ఇవాళ ఎవరు నమ్ముతారు? 1970ల నాటికి అక్కడ గూళ్లు లేవు.

ఆ పక్షులు మళ్లీ కొల్లేటికి చేరడం ఈ ప్రాంతం అదృష్టం. సరస్సులో 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో అభయారణ్యమైంది, 2002లో సరస్సు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖ నీళ్లలో నిలిపిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు పుల్లలు పేర్చి గూళ్లు కడుతున్నాయి. అయితే వచ్చినవాళ్లలో ఎక్కువమంది పడవెక్కి, నాలుగు ఫొటోలు తీసుకుని, పావుగంటలో 'ఇంకేముంది?' అని అడుగుతారు. చూడాల్సింది అప్పుడే మొదలవుతుందని వాళ్లకు చెప్పేదెవరు?

ఈ శీతాకాలం వెళ్లేవాళ్లు ఎండెక్కక ముందే చేరుకోండి. అన్ని గూళ్లూ చూసేద్దామనుకోకుండా ఒక్క గూటినే ఎంచుకుని అరగంట కనిపెట్టండి. పెద్ద పక్షి రెక్కలు సగం ముడిచి బరువుగా దిగుతుంది. పిల్ల గోల పెడుతూ దాని ముక్కు కింది సంచిలోకి, ఇంకా లోపలికి, తల మొత్తం దూర్చేస్తుంది. చూసేవాళ్లకు ఊపిరాడదేమో అనిపిస్తుంది కానీ అది చేపలు తింటోంది. గుడ్లు పొదగడంలో, మేత తేవడంలో తల్లీ తండ్రీ వంతులు వేసుకుంటాయి. పడవ స్టాండ్ల దగ్గరికే వెళ్తుంది కాబట్టి దుర్భిణి లేకపోయినా ఫర్వాలేదు. పిల్లల్ని వెంట తీసుకెళ్తే, ఆ గూటికి ఎన్నిసార్లు మేత వచ్చిందో లెక్కపెట్టే పని వాళ్లకి అప్పగించండి.