చిరుగింజలో పోషక భద్రత : విజయనగరం రాగి పరిశోధన
(ప్రత్యేక వ్యాసం)

విజయనగరం : ఆహార భద్రత అనగానే గిడ్డంగుల్లోని ధాన్యం నిల్వలు, వరి దిగుబడులు, చౌకధరల దుకాణాల ద్వారా అందే బియ్యం స్ఫురణకు వస్తాయి. ఆకలిని పారద్రోలడంలో వీటి పాత్ర నిర్వివాదాంశం. అయితే కడుపు నిండటం వేరు, శరీరానికి తగిన పోషణ లభించడం వేరు. 2019-21 సంవత్సరాలలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల వయస్సు గల మహిళలలో 58.8 శాతం మంది, ఆరు నెలల నుండి ఐదేళ్ల లోపు పిల్లలలో 63.2 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు. బియ్యానికి కొరత లేని రాష్ట్రంలో ఇంతమందికి రక్తం చాలకపోవడం ఆలోచించవలసిన విషయం. ఈ సమస్యకు పొలంలోనే కొంత పరిష్కారం వెదకిన కృషి విజయనగరంలో జరిగింది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానం రాగి పంటపై సాగించిన పరిశోధన అందుకు నిదర్శనం.

ఉత్తరాంధ్ర చోడి

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో రాగిని చోడి అని వ్యవహరిస్తారు. మెట్ట భూములలోను, కొండవాలు పోడు భూములలోను తక్కువ నీటితో పండే ఈ పైరు తరతరాలుగా ఇక్కడి కష్టజీవుల ఆహారం. పొలం పనులకు వెళ్లేవారు ఉదయాన్నే చోడి అంబలి త్రాగి బయలుదేరడం ఈ ప్రాంతపు ఆచారం. చోడి గింజకు మరొక సుగుణం ఉన్నది. పురుగు త్వరగా పట్టదు. సరిగా ఎండబెట్టి దాచిన గింజ ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. అందుచేతనే కరవు కాలానికి ఆసరాగా దీనిని దాచుకునేవారు. సామ, కొర్ర వంటి చిరుధాన్యాలకు పైపొట్టు తీసే ప్రత్యేక యంత్రాలు అవసరం కాగా, చోడిని నూర్చి శుభ్రపరచి నేరుగా పిండి పట్టించుకోవచ్చు.

పోషక విలువల విషయానికి వస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగిలో 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉండగా, మరపట్టిన బియ్యంలో అది 10 మిల్లీగ్రాములు మాత్రమే. ధాన్యాలలో ఇంత కాల్షియం గల పంట మరొకటి లేదు.

అయినప్పటికీ కాలక్రమంలో చోడి వెనుకబడింది. సాగునీటి వసతి పెరిగిన చోట రైతులు వరి వైపు మొగ్గు చూపారు. హరిత విప్లవం నాటి పరిశోధన, విత్తన సరఫరా, మద్దతు ధర, సేకరణ ప్రధానంగా వరి, గోధుమల చుట్టూనే సాగాయి. 1983లో రాష్ట్రంలో ప్రారంభమైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదల ఆకలి తీర్చింది. అదే సమయంలో వరి అన్నం ప్రతి ఇంటా నిత్యాహారమై, అంబలి పేదరికానికి గుర్తుగా భావించే ధోరణి ప్రబలింది. ఆదరణ తగ్గిన పంటను నిలబెట్టాలంటే రైతుకు అధిక దిగుబడి, తినేవారికి అధిక పోషణ రెండూ అందించగల రకాలు కావలసి వచ్చింది.

నదుల పేర్లతో వెలసిన రకాలు

1986లో రూపుదిద్దుకున్న అఖిల భారత సమన్వయ చిరుధాన్యాల పరిశోధనా పథకంలో విజయనగరం కేంద్రం పాలుపంచుకుంటున్నది. ఇక్కడ రూపొందించిన రాగి రకాలలో పలు రకాలకు నదుల పేర్లు పెట్టడం విశేషం. చంపావతి, వేగవతి, సువర్ణముఖి, ఇంద్రావతి అటువంటివే. భారతి, శ్రీచైతన్య, తెల్లని గింజ గల హిమ కూడా ఈ కేంద్రం అందించిన రకాలే.

ఒక్కొక్క రకం వెనుక ఒక్కొక్క అవసరం ఉన్నది. వి.ఆర్. 708 సంఖ్య గల చంపావతి సుమారు 80 నుండి 85 రోజులలోనే కోతకు వస్తుంది. వర్షం ఆలస్యమైనా, మధ్యలో బెట్ట వచ్చినా రైతు చేతికి పంట దక్కాలన్నది దీని ఉద్దేశం. పూర్తికాలం నీరు, తేమ లభించే చోట 105 నుండి 115 రోజుల భారతి, శ్రీచైతన్య వంటి రకాలు అధిక దిగుబడినిస్తాయి. నల్లని పిండి పట్ల విముఖత గలవారికి హిమ రకం అనుకూలం.

రాగిలో కొత్త రకం రూపొందించడం సులభసాధ్యం కాదు. రాగి పువ్వు అతి సూక్ష్మమైనది. ఏ పువ్వుకు ఆ పువ్వే పరాగ సంపర్కం జరుపుకుంటుంది. కనుక రెండు రకాలను సంకరపరచడం ఎంతో ఓర్పుతో కూడిన పని. ఆ తరువాత తరం వెంట తరం మొక్కలను పరిశీలించి, మేలైన వాటిని ఏరి, పలు రాష్ట్రాలలోని పరీక్షా క్షేత్రాలలో కొన్నేళ్లపాటు సరిపోల్చిన పిదపనే విడుదలకు సిఫార్సు చేస్తారు. అందువల్ల ఒక రకం విడుదలైనదన్న వార్త వెనుక ఏళ్ల తరబడి కృషి ఉంటుందని గుర్తించవలసి ఉన్నది.

ఇనుము లెక్క

2020 సంవత్సరం ఈ కేంద్రం చరిత్రలో పేర్కొనదగినది. ఆ ఏడాది విడుదలైన వేగవతి, అనగా వి.ఆర్. 929 రకం గింజలో కిలోకు 131.8 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నట్లు భారత వ్యవసాయ పరిశోధనా మండలి నమోదు చేసింది. సాధారణంగా సాగులో ఉన్న రకాలలో ఇది కిలోకు 25 మిల్లీగ్రాములు. అంటే ఐదు రెట్లకు పైగా అధికం. దిగుబడిలోనూ ఈ రకం వెనుకబడలేదు. సగటున హెక్టారుకు 36.1 క్వింటాళ్లు, అనగా ఎకరాకు పద్నాలుగు క్వింటాళ్లకు పైగా దిగుబడి నమోదైనది.

అదే ఏడాది వెలువడిన ఇంద్రావతి, అనగా సి.ఎఫ్.ఎమ్.వి. 1 రకంలో 100 గ్రాములకు 428 మిల్లీగ్రాముల కాల్షియం, కిలోకు 58 మిల్లీగ్రాముల ఇనుము, 44 మిల్లీగ్రాముల జింకు ఉన్నాయి. 2020 అక్టోబరు 16న, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 75 సంవత్సరాలు పూర్తి చేసుకున్న సందర్భంగా ప్రధానమంత్రి జాతికి అంకితం చేసిన 17 పోషక సంపన్న వంగడాలలో ఇంద్రావతి కూడా ఉన్నది.

ఈ విధంగా పంటలోనే పోషకాలు అధికంగా ఉండేలా రకాలను రూపొందించడాన్ని జీవ పోషక పటిష్ఠీకరణ అంటారు. మాత్రలు పంచడం, పిండిలో పోషకాలు కలపడం వంటి పద్ధతులకు ప్రతి ఏటా వ్యయం అవసరం. విత్తనంలోనే గుణం ఉన్నప్పుడు ప్రతి పంటలోనూ అది రైతు ఇంటికి చేరుతుంది. రాగి స్వపరాగ సంపర్క పంట కనుక, జాగ్రత్తగా వేరుచేసి దాచుకుంటే రైతు తన విత్తనాన్నే కొన్ని పంటల వరకు వాడుకోవచ్చు.

అయితే ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. గింజలో ఉన్న ఇనుమంతా రక్తంలో చేరదు. రాగిలోని ఫైటేట్లు, టానిన్లు అనే పదార్థాలు ఇనుమును శరీరం గ్రహించకుండా కొంతవరకు అడ్డుపడతాయి. గింజలను మొలకెత్తించడం, పిండిని పులియబెట్టడం వలన ఈ అవరోధం తగ్గుతుంది. రాత్రి నానబెట్టి పులిసిన పిండితో అంబలి కాచే మన పెద్దల పద్ధతి ఈ విధంగా శాస్త్ర సమ్మతమే. కనుక కొత్త రకం వచ్చినంత మాత్రాన రక్తహీనత తొలగిపోతుందని ప్రచారం చేయడం సరికాదు. పప్పులు, ఆకుకూరలు, వైద్య సహాయంతో పాటు అది ఒక బలమైన సాధనం మాత్రమే.

ఇక్కడి సమస్య, అక్కడి సమస్య

రాగి పుట్టినిల్లు తూర్పు ఆఫ్రికా. వేల ఏళ్ల క్రితం అక్కడి నుండి భారతదేశం చేరింది. నేటికీ ఇథియోపియా, ఉగాండా, కెన్యా, టాంజానియా, నేపాల్ దేశాలలో చిన్న రైతుల పంట ఇదే. రాగికి ప్రధాన శత్రువైన అగ్గి తెగులు ఇక్కడి రైతును, ఆఫ్రికా రైతును ఒకే తీరున నష్టపరుస్తున్నది. ఆకుపై మచ్చలతో మొదలై, కంకి మెడకు, వేళ్లకు సోకితే గింజ తాలుగా మారుతుంది. మందు పిచికారీకి వెచ్చించలేని రైతుకు తెగులును తట్టుకునే విత్తనమే రక్షణ.

అంతర్జాతీయ వాణిజ్యంలో రాగి స్థానం స్వల్పం కావడంతో పెద్ద విత్తన సంస్థలు దీనిపై శ్రద్ధ చూపడం అరుదు. అందుచేత ఈ పంట ప్రభుత్వ పరిశోధనపైనే ఆధారపడి ఉన్నది. 1972లో పటాన్‌చెరు వద్ద స్థాపితమైన ఇక్రిశాట్ తన జన్యు నిధిలో వివిధ దేశాల రాగి రకాలను భద్రపరచి, పరిశోధకులకు అందుబాటులో ఉంచుతున్నది. భారత్ ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2021 మార్చిలో చేసిన తీర్మానం మేరకు 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించడం ఈ పంటల ప్రాధాన్యతకు ప్రపంచ గుర్తింపు. వర్షాధార భూములు, పోషకాహార లోపం రెండూ గల దేశాలన్నిటికీ విజయనగరం అనుభవం ఉపయోగపడగలదు.

విత్తనం నుండి కంచం వరకు

రకం విడుదల కావడంతో పరిశోధన ముగియవచ్చును గాని ప్రయోజనం ఆరంభం కాదు. పరిశోధనా కేంద్రం ఇచ్చే బ్రీడరు విత్తనం నుండి మూల విత్తనం, దాని నుండి ధ్రువీకృత విత్తనం తయారు కావాలి. ఇందులో రాగికి ఒక వెసులుబాటు ఉన్నది. ఎకరానికి మూడు కిలోల విత్తనం సరిపోతుందనుకున్నా, పది క్వింటాళ్లు పండిన ఒక్క ఎకరం మూడు వందల ఎకరాలకు పైగా విత్తనం సమకూర్చగలదు. గ్రామస్థాయిలో కొద్దిమంది రైతులు విత్తనోత్పత్తికి పూనుకున్నా మండలం అవసరం తీరుతుంది.

రెండవది ధర. కేంద్ర ప్రభుత్వం 2025-26 ఖరీఫ్‌కు రాగి మద్దతు ధరను క్వింటాలుకు రూ. 4,886గా నిర్ణయించింది. సాధారణ రకం ధాన్యానికి ఇది రూ. 2,369. రాగి ధర రెట్టింపుకు మించి ఉన్నప్పటికీ, సమీపంలో కొనుగోలు కేంద్రం లేకపోతే కొండ గ్రామాల రైతు సంతలో దళారి చెప్పిన ధరకే అమ్ముకోవలసి వస్తుంది.

మూడవది వినియోగం. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలను కూడా ప్రజా పంపిణీలో చేర్చింది. 2018లో కేంద్రం వీటిని పోషక ధాన్యాలుగా ప్రకటించింది. రాష్ట్రంలో 2023 మార్చిలో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు రాగి జావ అందించడం ప్రారంభమైనది. ఇటువంటి పథకాలకు కావలసిన రాగిని సమీప రైతుల నుండే, అదీ ఇనుము అధికంగా గల రకాలుగా వేరుపరచి సేకరించినప్పుడు పరిశోధన ఫలం నేరుగా బిడ్డల కంచంలోకి చేరుతుంది. అన్ని రకాలను కలిపి ఒకే గోనెలో నింపితే వేగవతికి, సాధారణ రాగికి తేడా మిగలదు. ఇది శాస్త్రవేత్తల పరిధిలోని పని కాదు. వ్యవసాయ, పౌర సరఫరాలు, విద్య, మహిళా శిశు సంక్షేమ శాఖల సమన్వయంతోనే సాధ్యపడుతుంది.

కావున పోషక ధాన్యాల ప్రగతిని సమీక్షించే అధికారులు, దానిపై వార్తలు వ్రాసే పాత్రికేయులు విడుదలైన రకాల సంఖ్యతో సంతృప్తి చెందక మరికొన్ని అంశాలు పరిశీలించడం అవసరం. మండలంలో ఎన్ని ఎకరాలలో ఈ రకాలు సాగవుతున్నాయి? విత్తనం అదనుకు అందినదా? పంటను మద్దతు ధరకు కొన్నది ఎవరు? చివరకు ఆ గింజ ఏ అంగన్‌వాడీకి, ఏ పాఠశాలకు చేరినది? ఈ ప్రశ్నలకు గ్రామస్థాయిలో సమాధానం లభించిన నాడు చంపావతి, వేగవతి నదుల పేర్లు ధరించిన ఈ గింజలు ఆ నదీ తీరాల తల్లుల, పిల్లల ఆరోగ్యానికి ఆలంబన కాగలవు.