నత్తి ఉందని మాట దాటేస్తున్నారా? దాచే కొద్దీ భయమే పెరుగుతుంది.. ఇలా మొదలుపెట్టండి!

అమీర్‌పేటలో బస్సెక్కారు. దిగాల్సింది కూకట్‌పల్లిలో. కండక్టర్ దగ్గరికొచ్చి 'ఎక్కడికి?' అన్నాడు. 'కూ' దగ్గరే గొంతు పట్టేసింది. పక్కనోళ్లు చూస్తున్నారు. చివరికి 'మియాపూర్ ఒకటి' అనేసి, దూరం టికెట్ కొనుక్కుని కూర్చున్నారు.

నత్తి ఉన్నవాళ్లకు ఇలాంటివి కొత్తేం కాదు. దోశ తినాలని ఉన్నా నోటికి ఈజీగా వచ్చే ఇడ్లీ ఆర్డర్ చేస్తారు. ఫోన్ వస్తే కట్ చేసి మెసేజ్ పెడతారు. క్లాసులో ఆన్సర్ తెలిసినా చెయ్యెత్తరు. బయటివాళ్లకు కనిపించేది మాట తడబడటం ఒక్కటే. ఈ దాగుడుమూతలు మాత్రం ఎవరికీ కనిపించవు. నిజానికి ఎక్కువ నష్టం చేసేది ఇవే.

అసలు నత్తి ఎందుకొస్తుంది?

నాలుక మందమనో, పిరికివాళ్లనో, చిన్నప్పుడు ఎవరినో వెక్కిరించారనో అంటుంటారు. ఇవేవీ కారణాలు కావు. మాటను నడిపించే మెదడు భాగాల పనితీరులో తేడాలు, జన్యువులు ఇందులో ముఖ్యం. అందుకే కొన్ని కుటుంబాల్లో ఇది ఒకరి తర్వాత ఒకరికి కనిపిస్తుంది. వస రాస్తే, నోట్లో గులకరాళ్లు పెట్టుకుంటే పోతుందనడానికి ఆధారాల్లేవు.

సాధారణంగా 2 నుంచి 5 ఏళ్ల మధ్య నత్తి మొదలవుతుంది. ఎక్కువ మంది పిల్లల్లో దానంతటదే తగ్గిపోతుంది. పెద్దవాళ్లలో దాదాపు 1 శాతం మందికి ఉంటుందని అంచనా. ఆడవాళ్లతో పోలిస్తే మగవాళ్లలో ఇది సుమారు 4 రెట్లు ఎక్కువ. టెన్షన్ వల్ల నత్తి పుట్టదు. ఉన్న నత్తి టెన్షన్‌లో ఇంకాస్త ఎక్కువవుతుంది, అంతే.

పాట పాడితే రాదు.. మరి మాట్లాడితే?

'పాడేటప్పుడు బాగానే పాడతావుగా, మాట్లాడేటప్పుడు ఏమైంది?' ఈ మాట వినని వాళ్లు ఉండరేమో. పాటలో పదాలు ముందే తెలుసు, తాళం ఉంటుంది, గొంతు సాగుతూ ఉంటుంది. మాటలో అవేవీ ఉండవు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా చాలామందికి నత్తి రాదు, ఎందుకంటే వినేవాళ్లు లేరు కాబట్టి. అందుకే అద్దం ముందు గంటలకొద్దీ ప్రాక్టీస్ చేసినా ఇంటర్వ్యూలో మళ్లీ ఆగిపోవచ్చు. అది మీ తప్పు కాదు. మనుషుల ముందు మాట్లాడటం మనుషుల ముందే అలవాటవుతుంది.

దాచితే ఏమవుతుంది?

అమెరికా సైకాలజిస్ట్ జోసెఫ్ షీహాన్ నత్తిని మంచుకొండతో పోల్చారు. పైకి కనిపించేది తడబాటు. నీళ్ల కింద ఉన్నది భయం, సిగ్గు, తప్పించుకోవడం. పదం మార్చిన ప్రతిసారీ ఆ క్షణానికి హాయిగా అనిపిస్తుంది. కానీ 'ఆ పదం ప్రమాదం' అని మనసుకు ఇంకోసారి నేర్పినట్టే. రేపు దానిమీద భయం ఇంకొంచెం పెరుగుతుంది. చాలామందికి సొంత పేరు చెప్పడమే కష్టం కావడానికి ఒక కారణం కూడా ఇదే. దోశ బదులు ఇడ్లీ అనొచ్చు గానీ, పేరు బదులు ఇంకో పేరు చెప్పలేం కదా!

రోజూ చేయగలిగినవి ఇవే

* ముందే చెప్పేయండి: 'నాకు నత్తి ఉంది, మాట కాస్త లేటవుతుంది' అని ఒక్క ముక్క చెప్తే దాచాలన్న బరువు సగం దిగిపోతుంది.

* మెట్లు వేసుకోండి: భయం తక్కువున్న పని నుంచి మొదలుపెట్టండి. మొదట కిరాణా కొట్లో అడగడం, తర్వాత ఫోన్ కాల్, ఆ తర్వాత మీటింగ్. ఒక మెట్టు అలవాటయ్యాకే ఇంకోటి.

* పదం మార్చొద్దు: రోజుకు ఒక్కసారైనా, ఆగినా సరే, అనుకున్న పదమే అనండి.

* నెట్టొద్దు, వదులు చేయండి: ప, బ, మ లాంటి చోట పెదాలు బిగుసుకుంటాయి. బలవంతంగా నెట్టకుండా, పెదాలు మెత్తగా తాకించి మాటను సాగదీస్తూ బయటికి రండి. అప్పటికే తడబడితే, ఒక్క క్షణం ఆగి అదే పదాన్ని నెమ్మదిగా మళ్లీ అనండి. స్పీచ్ థెరపీలో చార్లెస్ వాన్ రైపర్ పద్ధతులుగా ఇవి ప్రసిద్ధి.

* కావాలనే తడబడండి: వినడానికి వింతే. కానీ భయం తగ్గించడానికి థెరపిస్టులు వాడే పద్ధతి ఇది. మొదటిసారి వాళ్ల సాయంతో చేస్తే మంచిది.

వినేవాళ్లకూ ఓ మాట

వాళ్ల వాక్యాన్ని మీరు పూర్తి చేయకండి. 'మెల్లగా చెప్పు', 'ఊపిరి తీసుకో' లాంటి సలహాలు సాయం కావు, ఇంకా ఇబ్బంది పెడతాయి. మామూలుగా మొహం చూస్తూ వినండి చాలు. చిన్నపిల్లలైతే చుట్టాల ముందు రైమ్ చెప్పమని బలవంతం చేయొద్దు. మీరే కాస్త నిదానంగా మాట్లాడండి. 'జై లవ కుశ'లో జై పాత్ర గుర్తుందిగా? చిన్నప్పటి హేళన మనిషిని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో ఆ కథ చూపించింది.

ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి?

పిల్లల్లో నత్తి 6 నెలలు దాటినా, మాటకోసం మొహం బిగుసుకుంటున్నా, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నా స్పీచ్ థెరపిస్టును కలవండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఈ రంగంలో పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థలు. నత్తి ఉన్నవాళ్లే కలిసి నడిపే ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ కూడా ఉంది. '10 రోజుల్లో గ్యారంటీగా మాయం' అనే ప్రకటనలకు డబ్బులు పోసుకోవద్దు. పెద్దయ్యాక ఉన్నట్టుండి మాట తడబడటం మొదలైతే మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. అది పక్షవాతం లక్షణం కావొచ్చు.

బ్రిటన్ రాజు ఆరో జార్జ్ 1926 నుంచి లయొనెల్ లోగ్ దగ్గర శిక్షణ తీసుకున్నారు. ఆయన నత్తి పూర్తిగా పోలేదు. అయినా 1939లో యుద్ధం మొదలైన రోజు రేడియోలో దేశంతో మాట్లాడారు. మీరు దేశంతో మాట్లాడక్కర్లేదు. రేపు బస్సులో 'కూ.. కూకట్‌పల్లి ఒకటి' అని అడగండి. రెండు సెకన్లు లేటైతే అవ్వనీయండి. దిగాల్సిన స్టాప్‌కే టికెట్ తీసుకోండి.

(గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. చికిత్స విషయంలో నిపుణులను సంప్రదించండి.)